మహిళా బాక్సర్‌కు ఎస్‌ఆర్‌వై పరీక్ష: కోచ్, కుటుంబం చూసుకోవాల్సినవి

2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగాయి. ఫ్రాన్స్ మహిళా జట్టు అక్కడిదాకా వెళ్లి ఒక్క బౌటు కూడా ఆడకుండానే వెనక్కి వచ్చింది. ఐదుగురు అమ్మాయిలు. గాయాల్లేవు, బరువు తప్పలేదు, డోపింగ్ గొడవ లేదు. జన్యు పరీక్ష ఫలితం గడువులోగా చేతికి రాలేదు, అంతే. ఫ్రాన్స్ చట్టం ఇలాంటి పరీక్షకు ఒప్పుకోదు కాబట్టి బ్రిటన్ చేరాకే నమూనా ఇవ్వాల్సి వచ్చింది. ల్యాబు ఫలితాన్ని సమయానికి ఇవ్వలేకపోయింది. మన దగ్గర తప్పులు వేరే చోట్ల జరుగుతాయి. కాగితాల్లో పేర్లు కలవవు, నమూనా పాడవుతుంది, అన్నిటికన్నా ఘోరంగా ఫలితం నలుగురి నోళ్లలో పడుతుంది. ఈ మూడూ ముందే ఆపగలిగినవే.

నియమం ఏమిటంటే

ఇప్పుడు అంతర్జాతీయ బాక్సింగ్‌ను నడిపే సంఘం పేరు వరల్డ్ బాక్సింగ్. దాని పోటీల్లో ఆడాలనుకునే 18 ఏళ్లు పైబడిన వాళ్లు జీవితంలో ఒక్కసారి పీసీఆర్ పరీక్ష చేయించుకోవాలి. కరోనా రోజుల్లో అందరికీ పరిచయమైన పద్ధతే. అప్పుడు వైరస్ కోసం వెతికారు, ఇప్పుడు ఎస్‌ఆర్‌వై అనే జన్యువు కోసం వెతుకుతారు. ఇది వై క్రోమోజోమ్ మీద ఉంటుంది, పిండంలో వృషణాలు ఏర్పడే ప్రక్రియను మొదలుపెడుతుంది. పరీక్ష చేయించి ధ్రువపత్రం పంపే బాధ్యత ఆ దేశపు ఫెడరేషన్‌ది. తప్పుడు ధ్రువపత్రం ఇస్తే బాక్సర్‌కూ ఫెడరేషన్‌కూ శిక్ష పడవచ్చు.

చాలామంది చదవకుండా వదిలేసే వాక్యం ఒకటి ఆ నియమంలో ఉంది. ఎస్‌ఆర్‌వై కనబడినంత మాత్రాన మహిళల విభాగం నుంచి తీసేయరు. లైంగిక వికాసంలో తేడా (పుట్టుకతోనే క్రోమోజోములు, హార్మోన్లు లేదా జననాంగాలు మామూలుకు భిన్నంగా ఉండటం) ఉండి, శరీరం మీద పురుష హార్మోన్ల ప్రభావం పడని అమ్మాయికి అర్హత ఉంటుంది. అంటే ఈ పరీక్ష జల్లెడ మాత్రమే. తీర్పు ఆ తర్వాత నిపుణులు చెప్పాలి.

ఇంత గొడవ ఎందుకు

2023 మార్చిలో న్యూఢిల్లీ ప్రపంచ పోటీల మధ్యలో అప్పటి అంతర్జాతీయ సంఘం ఐబీఏ, మహిళల విభాగం అర్హత ప్రమాణాలకు సరిపోలేదంటూ ఇద్దరు బాక్సర్లను తప్పించింది: అల్జీరియాకు చెందిన ఇమానే ఖెలిఫ్, తైవాన్‌కు చెందిన లిన్ యూ-టింగ్. అదే ఏడాది జూన్‌లో ఒలింపిక్ కమిటీ ఐబీఏ గుర్తింపును రద్దు చేసింది. పారిస్ 2024లో పాస్‌పోర్టులో ఉన్న లింగమే ప్రమాణమైంది. ఇద్దరూ ఆడారు, ఇద్దరూ స్వర్ణాలు గెలిచారు. ఇటలీ బాక్సర్ ఆంజెలా కరీని ఖెలిఫ్‌తో బౌటును 46 సెకన్లకే వదిలేయడంతో వాదన బాక్సింగ్ తెలియని ఇళ్లకు కూడా పాకింది.

పరుగు పందెంలో అన్యాయం జరిగితే పోయేది పతకం. బాక్సింగ్‌లో ఆ తేడా ఎదుటి మనిషి తల మీద పడుతుంది. గుద్దే కదలికలో చేతి శక్తిని కొలిచిన ఒక అధ్యయనంలో పురుషుల సగటు స్త్రీల కన్నా 162 శాతం ఎక్కువగా తేలింది. అందుకే మహిళలకు వేరే విభాగం ఉండాలనడంలో, దానికో హద్దు ఉండాలనడంలో మాకు సందేహం లేదు. అయితే ఆ లెక్క సాధారణ పురుషులది. వికాసంలో తేడాలున్న అమ్మాయిలను కొలిచి తేల్చింది కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది మహిళలను పరీక్షిస్తే 8 మందికి పాజిటివ్ వచ్చింది. వాళ్లలో ఏడుగురి శరీరాలు పురుష హార్మోను టెస్టోస్టిరాన్‌కు పూర్తిగానో పాక్షికంగానో స్పందించనివి. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. ఎస్‌ఆర్‌వైని 1990లో కనిపెట్టిన ఆండ్రూ సింక్లెయిర్ కూడా దీన్ని క్రీడా పరీక్షగా వాడటాన్ని వ్యతిరేకిస్తున్నారు. నియమం సమంజసమా కాదా అన్న చర్చ నడుస్తూనే ఉంటుంది. ఈలోగా అమ్మాయి ఆడాలంటే పరీక్ష తప్పదు కాబట్టి, దాన్ని ఆమెకు హాని జరగకుండా చేయించడం మన పని.

పరీక్ష కన్నా ముందు: నెలసరి సంగతి

అకాడమీల్లో సాధారణంగా జరిగే తప్పు ఇది. పదహారేళ్లు వచ్చినా అమ్మాయికి నెలసరి మొదలవదు. "ట్రైనింగ్ ఎక్కువైంది, బరువు తగ్గించింది కదా, అదే వస్తుందిలే" అంటారు. నిజంగా అదే కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. 15 దాటినా మొదలు కాకపోతే గైనకాలజిస్టుకు చూపించాలి. తిండి చాలకపోయినా, థైరాయిడ్ సమస్య ఉన్నా, గర్భాశయం ఏర్పడకపోయినా, సాధారణంగా పురుషుల్లో ఉండే ఎక్స్‌వై క్రోమోజోములున్నా పైకి కనిపించే లక్షణం ఇదొక్కటే కావచ్చు. ఎక్స్‌వై ఉండి అండాశయాలు సరిగా ఏర్పడని స్వయర్ సిండ్రోమ్‌లో ఆ గ్రంథుల్లో కణితులు పెరిగే ప్రమాదం ఉంది. ఆటతో పనిలేకుండా చికిత్స కావాలి. ఈ సంగతి అమ్మతో కలిసి డాక్టరు గదిలో కూర్చుని తెలుసుకోవడం వేరు, విమానం ఎక్కే వారం ముందు ఫెడరేషన్ మెయిల్‌లో చదవడం వేరు.

ఎప్పుడు, ఏ కాగితాలతో

పోటీకి ఎనిమిది వారాల ముందు నమూనా ఇవ్వండి. ఒకసారి చెల్లకుండా పోయినా, రెండోసారి చేయించడానికీ, అవసరమైతే నిపుణుడిని కలవడానికీ వ్యవధి ఉంటుంది. ల్యాబును సొంతంగా ఎంచుకోకండి. ఏ ల్యాబు ఫలితం చెల్లుతుందో ఫెడరేషన్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. కోరే పరీక్ష పేరు "ఎస్‌ఆర్‌వై జీన్, పీసీఆర్" అని స్పష్టంగా రాయించండి. "లింగ నిర్ధారణ" అని రాస్తే మన దగ్గర ల్యాబు వాళ్లు గర్భస్థ శిశువు చట్టం గుర్తొచ్చి కంగారుపడతారు.

పేరు దగ్గర మరీ జాగ్రత్త. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో చివరికి పోతుంది. ధ్రువపత్రంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా పడాలి. పాస్‌పోర్టు నంబరు కూడా రాయించండి.

సమ్మతి పత్రాన్ని బాక్సర్ తనకు వచ్చిన భాషలో చదివి, అర్థం చేసుకుని సంతకం చేయాలి. ఫలితం ఎవరికి వెళ్తుంది, నమూనాను ఎన్నాళ్లు ఉంచుతారు, వేరే పరిశోధనకు వాడతారా అన్న మూడింటికీ అందులో జవాబు ఉండాలి. లేకపోతే అడిగి రాయించండి.

నమూనా తీసే తీరు

రక్తం కన్నా చెంప లోపలి స్వాబ్ మేలు. గర్భంతో ఉన్నప్పుడు కడుపులో మగపిల్లవాడుంటే ఆ వై డీఎన్‌ఏ తల్లి రక్తంలో తిరుగుతుంది. పురుషుడి నుంచి ఎముక మజ్జ మార్పిడి జరిగిన మహిళ రక్తంలోనూ వై కనబడుతుంది. ఇలాంటి చరిత్ర ఉంటే ల్యాబుకు ముందే చెప్పాలి.

స్వాబ్‌కు అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, టీ కూడా తాగకూడదు. నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. తీసే మనిషి మహిళ అయితే మంచిది. గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. పీసీఆర్ అతి కొద్ది డీఎన్‌ఏను కూడా పట్టేస్తుంది. మగ టెక్నీషియన్ తుమ్మినా, కోచ్ సాయం చేద్దామని స్వాబ్ కొన పట్టుకున్నా అమ్మాయి ఖాతాలో పాజిటివ్ పడవచ్చు. ప్యాకెట్టును బాక్సర్ కళ్లముందే చింపాలి. కొనను చెంప లోపలి గోడకు గట్టిగా ఆనించి, తిప్పుతూ, పైకీ కిందకీ సుమారు 30 సెకన్లు రుద్దాలి. రెండో చెంపకు రెండో స్వాబ్. పళ్లకు, నాలుకకు తగిలితే ఉమ్మే ఎక్కువ వస్తుంది, కణాలు తక్కువ వస్తాయి. పొడి స్వాబ్ అయితే ఆరనిచ్చి కాగితపు కవరులో పెట్టాలి. తడిగా ప్లాస్టిక్‌లో మూస్తే బ్యాక్టీరియా పెరిగి డీఎన్‌ఏ చెడిపోతుంది. ద్రవం ఉన్న ట్యూబు ఇస్తే ఆ కిట్టు సూచనలే పాటించాలి. కవరు మీద పేరు, తేదీ, సమయం రాసి, అతుకు మీద బాక్సర్, నమూనా తీసిన మనిషి ఇద్దరూ సంతకం చేయాలి.

ఫలితం చదవడం

"ఎస్‌ఆర్‌వై కనబడలేదు" అన్న ఒక్క వాక్యం చాలదు. దాంతోపాటు కంట్రోల్ జన్యువు (అందరిలోనూ ఉండేది, పరీక్ష సరిగా పనిచేసిందని చూపేది) కనబడిందని కూడా ఉండాలి. నమూనాలో డీఎన్‌ఏయే లేకపోయినా ఎస్‌ఆర్‌వై కనబడదు కదా! కంట్రోల్ విఫలమైతే అది నెగటివ్ కాదు, చెల్లని పరీక్ష. మళ్లీ ఇవ్వాలి.

"కనబడింది" అని వస్తే మొదట చేయాల్సింది కొత్త నమూనాతో పరీక్షను మళ్లీ చేయించడం. రెండోసారీ అదే వస్తే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు), జన్యు నిపుణుడు ఇద్దరూ కావాలి. రక్తంతో క్యారియోటైప్ (క్రోమోజోములన్నీ చూసే పరీక్ష) చేస్తారు. కణాలను పెంచి చూడాలి కాబట్టి దీనికి రోజులు పడతాయి. టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు చూస్తారు, పొత్తికడుపు స్కాన్ తీస్తారు, కొన్నిసార్లు ఆండ్రోజన్ రిసెప్టర్ జన్యువును (శరీరం పురుష హార్మోనుకు స్పందించేలా చేసేది) చదువుతారు. ఇక్కడ టెస్టోస్టిరాన్ అంకె ఒక్కటే చూసి భయపడకూడదు. దానికి ఏమాత్రం స్పందించని శరీరంలో అది పురుషుల స్థాయిలో ఉన్నా కండరానికి అందదు. శరీర పరీక్షకు ఆమె ఒప్పుకోవాలి, ఆమె కోరిన మనిషి పక్కన ఉండాలి. "వద్దు" అంటే అక్కడితో ఆపాలి.

అర్హత లేదని నిర్ణయం వస్తే వరల్డ్ బాక్సింగ్‌లో అప్పీలు ఉంది, ఆపైన లోసాన్‌లోని క్రీడా న్యాయస్థానం సీఏఎస్ ఉంది. నియమాల్లో వేరే గడువు లేకపోతే సీఏఎస్‌కు వెళ్లడానికి నిర్ణయం అందిన నాటి నుంచి 21 రోజులే. ఆ కాగితం అందిన తేదీని రాసిపెట్టుకోండి. పరీక్ష లేకుండా ఆడనివ్వరన్న నిర్ణయం మీద 2025లో ఖెలిఫ్ కూడా సీఏఎస్‌కు వెళ్లారు. విచారణ ముగిసేదాకా నియమాన్ని నిలిపివేయడానికి సీఏఎస్ ఒప్పుకోలేదు. కాబట్టి అప్పీలు వేయగానే రింగు తెరుచుకుంటుందని అమ్మాయికి ఆశ పెట్టకండి.

ఎవరికి తెలియాలి

ఫలితం తెలియాల్సింది బాక్సర్‌కు, ఆమె డాక్టరుకు, ఫెడరేషన్‌లో ఆ పనికి నియమించిన ఒక్కరికి. కోచ్‌కు "అర్హత ఉంది" లేదా "ఇంకా రాలేదు" అన్నంత చాలు. వాట్సాప్ గ్రూపులో రిపోర్టుల ఫొటోలు పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. జట్టులో తొమ్మిది మంది రిపోర్టులు పెట్టి పదో అమ్మాయిది పెట్టకపోయినా ఊరంతా చెప్పినట్టే. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ పతకం లింగ పరీక్ష తర్వాత పోయింది. ఆమె శరీరం సంగతి దేశమంతా చర్చించుకుంది. ఆ అవమానాన్ని ఏ నియమమూ సమర్థించలేదు.

ఎదుటి మూల అమ్మాయి మీద మీకు అనుమానం ఉంటే రాతపూర్వకంగా ఫెడరేషన్‌కు చెప్పండి. ఫొటో పెట్టి గడ్డం, భుజాలు అంటూ వ్యాఖ్యలు రాయకండి, మీ పిల్లలను రాయనివ్వకండి. 2025 మేలో పరీక్షలను ప్రకటిస్తూ ఖెలిఫ్ పేరు వాడినందుకు వరల్డ్ బాక్సింగ్ అప్పటి అధ్యక్షుడే ఆ తర్వాత అల్జీరియా సమాఖ్యకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.