నులిపురుగుల మందు వేసుకునే ముందు చూసుకోవాల్సినవి

• మలద్వారం దగ్గర దురద ఒక్కరికే ఉన్నా, మందు ఇంటిల్లిపాదీ ఒకే రోజు వేసుకోవాలి. పైకి ఏమీ కనిపించనివాళ్ల దగ్గరా పురుగులు ఉండొచ్చు.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రెండేళ్లలోపు పిల్లలు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. ఇక్కడ సొంత వైద్యం అసలు వద్దు.

• రెండో డోసు తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. ఆల్బెండజోల్ అయినా మెబెండజోల్ అయినా పురుగుల్ని చంపుతుంది గానీ గుడ్లను నమ్మకంగా చంపలేదు. మిగిలిన గుడ్లు పొదిగి మళ్లీ పురుగులవుతాయి, అందుకే సాధారణంగా 2 వారాలకు ఇంకో డోసు. చాలా ఇళ్లలో తప్పిపోయేది ఇదే.

• అందరి గోళ్లూ పొట్టిగా కత్తిరించండి. ఆడపురుగు రాత్రిపూట మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది. పిల్లలు నిద్రలో గోక్కుంటే అవి గోళ్ల సందుల్లో చేరి, పొద్దున వేలు నోట్లో పెట్టుకోగానే లోపలికి పోతాయి.

• మందు వేసుకున్న మర్నాడు లేవగానే స్నానం, ఉతికిన లోదుస్తులు. దుప్పట్లు దులపకండి, గుడ్లు గాల్లోకి లేస్తాయి. మెల్లగా చుట్టి తీసుకెళ్లి వేడినీళ్లలో ఉతకండి.

• తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే.

• పిల్లల్ని మాత్రం కసురుకోవద్దు. ఎంత శుభ్రంగా ఉండే ఇంట్లోనైనా ఇవి వస్తాయి.