పల్లె బడికి అడవి పాఠం – 3: అంచనా పద్దు రాయడం

పిల్లలను అడవికి తీసుకెళ్లి వన్యప్రాణుల గురించి చెప్పాలనుకునే టీచర్ల కోసం ఈ పాఠాలు. మొదటి పాఠంలో అందుకు మన బడికి దగ్గరున్న అడవినో, గడ్డినేలనో ఎంచుకున్నాం. రెండో పాఠంలో డబ్బు వచ్చే దారులు చూశాం. బడులకు ప్రభుత్వం డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో ఎకో క్లబ్బుకు (బడిలో పిల్లల పర్యావరణ సంఘం) ప్రాథమిక బడికైతే 5,000, ప్రాథమికోన్నత బడికైతే 15,000, హైస్కూలుకైతే 25,000 రూపాయల దాకా ఉంది. ఇక కంపెనీల సీఎస్ఆర్, అంటే సమాజం కోసం అవి ఖర్చుపెట్టే డబ్బు, సంగతి. ఆ డబ్బు వేటికి వాడొచ్చో చెప్పే 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చదువూ ఉంది, వన్యప్రాణుల రక్షణా ఉంది. మనం అడిగేది ఆ రెండింటి కిందికీ వస్తుంది. ఈ వారం అంచనా పద్దు రాయడం నేర్చుకుందాం.

నేను మొదటిసారి ఒక కంపెనీకి రాసిన ఉత్తరంలో, వన్యప్రాణుల మీద విద్యార్థులకు అవగాహన కల్పించడానికి 50,000 రూపాయలు ఇప్పించాలని కోరాను. వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఒక్క మాట అడిగారు: "ఈ డబ్బుతో పిల్లలు ఏం చేస్తారు సార్?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడాది డబ్బు రాలేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

అందుకే డబ్బు అంకె చివర రాయండి. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ రోజు పొద్దున బస్సెక్కిన పిల్ల సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఏం చూస్తుంది, ఏం రాస్తుంది, ఎవరితో మాట్లాడుతుంది అన్నది వరసగా రాయండి. ఖర్చులు అందులోంచే బయటపడతాయి.

మా ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడునే ఉదాహరణగా తీసుకుందాం. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం అది. అడవి అనగానే పిల్లలు పెద్ద పెద్ద చెట్లు ఊహించుకుంటారు. అక్కడ దిగితే కనిపించేది గడ్డి. "ఇది బీడు కదా సార్" అంటారు. పాఠం మొదలయ్యేది ఆ మాట దగ్గరే. బట్టమేక నేల మీదే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఒక్కటే. గడ్డినేల బీడులా కనిపించింది కాబట్టే దున్నారు, నీళ్లు పారించారు, పంటలు మార్చారు. పిట్టకు చోటు లేకుండా పోయింది. ఇప్పుడు దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా బతుకుతున్నవి సుమారు 150 మాత్రమే. మిగిలినవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే ఉన్నాయి. రోళ్లపాడులో పిల్లలు బట్టమేకను చూస్తారని ఉత్తరంలో రాయకండి, అది అబద్ధమవుతుంది. కృష్ణజింకలను చూస్తారు. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే హారియర్ గద్దలు సాయంత్రం గడ్డిలోకి దిగి నేల మీదే నిద్రపోవడం చూస్తారు.

ఒక్కసారి తీసుకెళితే అది విహారయాత్రే. కనీసం మూడుసార్లు వెళ్లాలని నా గట్టి అభిప్రాయం: వానలు పడ్డాక ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఎండలు ముదిరేలోపు ఒకసారి. అదే గడ్డిని మూడు రంగుల్లో చూసిన పిల్ల దాన్ని మళ్లీ బీడు అనదు.

ఇప్పుడు లెక్క. నలభై మంది పిల్లలు, నలుగురు పెద్దలు. నేను వేసే ధరలు నమూనాకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. బస్సు ఒక్క ట్రిప్పుకు 6,200 అనుకుంటే మూడింటికి 18,600. భోజనం మనిషికి 50 చొప్పున 44 మందికి మూడు రోజులు 6,600. ఐదు బైనాక్యులర్లు, ఒక్కోటి 3,000, మొత్తం 15,000. నోటు పుస్తకాలు 40 రూపాయలవి నలభై, అంటే 1,600. పిల్లలు రాసింది, గీసింది గోడపత్రికగా వేయడానికి 2,000.

ఇంకో పద్దు ఉంది, చాలామంది మరచిపోయేది. ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసే పెద్దాయన్నో, రైతునో పిల్లలతో మాట్లాడమని పిలవండి. ఆయన ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తాడు కాబట్టి రోజుకు 600, మూడు రోజులకు 1,800 రాయండి. ఊరికే రమ్మనడం తప్పు. మా పిల్లల్లో ఒకడు, "జింకలు మా శనగ మేస్తే ఎవరిస్తారు?" అని అడిగాడు. దానికి నా దగ్గరకన్నా ఆ రైతు దగ్గరే ఎక్కువ జవాబుంది. ఆ కష్టం వినకుండా జింకను ప్రేమించమంటే పల్లె పిల్లలు నమ్మరు.

మొత్తం 45,600. దీన్ని 50,000 చేయకండి. చదివేవాళ్లు ముందు చూసేది అదే. పిల్లకు ఎంత పడిందో కూడా రాయండి: 1,140. కింద ఇంకో వాక్యం రాయండి. బైనాక్యులర్లు ఒకసారి కొంటే చాలు కాబట్టి రెండో ఏడాది 30,600 సరిపోతుంది, అంటే పిల్లకు 765. రెండో ఏడాది గురించి ముందే ఆలోచించారని ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. తల్లిదండ్రులు సద్ది కట్టిస్తామంటే భోజనం 6,600 మన వంతు కింద చూపించి, మిగిలిన 39,000 అడగండి. ఇది స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో తీర్మానం చేసి జతపరచాలి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసు అనుమతి, విద్యాశాఖ అనుమతి తీసుకున్నాకే బస్సు మాట్లాడుకోండి.

కరెంటు కంపెనీని అడగొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మన ప్రాంతంలో సోలార్ కంపెనీలు ఉన్నాయి కదా. అడగండి. కానీ హైటెన్షన్ తీగలకు తగిలి బట్టమేకలు చనిపోతున్నాయన్నది నిజం, 2021లో సుప్రీంకోర్టు కూడా ఆ విషయంలో ఆదేశాలిచ్చింది. డబ్బిచ్చారని ఆ పేజీని పాఠంలోంచి తీసేయకండి. తీసేయాలని షరతు పెడితే ఆ డబ్బు వద్దనండి.

కడప వైపు టీచర్లకు లెక్క వేరు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. అది రాత్రి తిరిగే పిట్ట, పిల్లల్ని తీసుకెళ్లి చూపించలేం. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి దాని మీద అడుగుజాడలు చూసేవారు. అదే పని బడి వెనక చేయించొచ్చు. ఒక ట్రాక్టర్ మట్టి, నాలుగు స్కేళ్లు, నోటు పుస్తకాలు చాలు. ఉడుత, కముజు, కుక్క, పిల్లి, ఏది నడిచినా లెక్కే. అనంతపురం వైపు వీరాపురం దగ్గర బడులకైతే బస్సు ఖర్చు కూడా లేదు, కొంగలు ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి.

ఈ వారం అభ్యాసం: మీ ఊళ్లో బస్సు యజమానిని కలిసి ధర కాగితం మీద రాయించుకోండి. గొర్రెలు కాసే ఒక పెద్దాయనతో గంటసేపు కూర్చుని, ఆయన చిన్నప్పుడు ఆ నేల మీద ఏమేం చూశాడో రాసుకోండి. వచ్చే పాఠంలో ఉత్తరం రాస్తాం. మొదటి పేరా ఆయన మాటలతోనే మొదలుపెడతాం, కాబట్టి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.