స్కాన్ రిపోర్టులో ‘ఒవేరియన్ సిస్ట్’ అని ఉంటే ఏం చూడాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో స్కానింగ్ చేయించుకుని బయటికొచ్చాక కాగితం మీద ‘సిస్ట్’ (అండాశయంలో తిత్తిలాంటి బుడగ) అని కనపడగానే చాలామంది ఆపరేషన్ ఖర్చు లెక్కేసుకోవడం మొదలుపెడతారు. కంగారు తర్వాత. సైజెంత, లోపల ఏముంది, మీకు నెలసరి ఇంకా వస్తోందా అన్నవి ముందు చూడండి.

ప్రతి నెలా అండాశయంలో ఒక ఫాలికిల్ (అండం పెరిగే చిన్న నీటి తిత్తి) సుమారు 2 సెంటీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండాన్ని వదులుతుంది. పగలకపోతే నీరు చేరి ఇంకా ఉబ్బుతుంది. నెలసరి వచ్చే వయసులో కనపడే సిస్టుల్లో ఎక్కువ ఇలాంటివే. రెండు మూడు నెలసరులు తిరిగేసరికి చాలావరకు వాటంతటవే పోతాయి.

‘42 × 38 ఎం.ఎం., సింపుల్ సిస్ట్, నో సెప్టేషన్స్, నో సాలిడ్ కాంపొనెంట్’ అని రాసి ఉందనుకోండి. అంటే 4.2 సెంటీమీటర్లు, లోపల వట్టి నీరు, అడ్డుపొరలు లేవు, గట్టి భాగం లేదు. నెలసరి ఆగనివాళ్లకు 5 సెం.మీ. లోపు ఇలాంటిది ఉంటే సాధారణంగా మందూ అక్కర్లేదు, మళ్లీ స్కానూ అక్కర్లేదు. 5 నుంచి 7 అయితే ఏడాదికోసారి చూస్తారు. 7 దాటితే ఎమ్మారై, లేదా సర్జరీ మాట వస్తుంది. గర్భనిరోధక మాత్రలు ఉన్న సిస్టును కరిగించవు.

‘హెమరేజిక్’ అంటే లోపల రక్తం చేరింది. 6 నుంచి 12 వారాలకు మళ్లీ చూస్తారు. ‘ఎండోమెట్రియోమా’ అంటే చాక్లెట్ సిస్టు, పాత రక్తం చిక్కగా చాక్లెట్ రంగులో నిండి ఉండేది. ‘డెర్మాయిడ్’లో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. ఈ రెండూ మామూలుగా వాటంతటవి పోయేవి కావు. పీసీఓడీలో (హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య) కనపడే సన్నటి నీటి బుడగలు ఎదగకుండా ఆగిన ఫాలికిల్స్. వాటిని తీయించుకోవాల్సిన పని లేదు.

మళ్లీ స్కాన్‌కి నెలసరి మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య వెళ్లండి, పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి. పొట్ట మీద చేసేదానికి గంట ముందు దాదాపు లీటరు నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి. యోని లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌కైతే మూత్రానికి వెళ్లొచ్చాకే పడుకోవాలి. శారీరక సంబంధం లేని అమ్మాయిలకు పొట్ట మీద నుంచే చేయమని అడగండి.

అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 రక్తపరీక్ష 35 దాటిందంటే క్యాన్సరే అనుకోవద్దు. నెలసరి రోజుల్లో, ఫైబ్రాయిడ్లున్నా (గర్భసంచిలో గడ్డలు), ఎండోమెట్రియోసిస్ ఉన్నా (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), పొట్టలో టీబీ ఉన్నా అది పెరుగుతుంది. సింపుల్ సిస్టున్న పాతికేళ్ల అమ్మాయికి ఈ పరీక్ష దండగ. నెలసరి ఆగిపోయినవాళ్లకు మాత్రం స్కాన్‌తోపాటు ఇది కావాలి. ఆ వయసులో వారాల తరబడి పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, మాటిమాటికీ మూత్రం వస్తుంటే గ్యాస్ మాత్రలతో కాలం గడపొద్దు.

ఆలస్యం చేయకూడని నొప్పి ఒకటుంది. పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి మెలిపెట్టినట్టు నొప్పి, దాంతోపాటే వాంతులు. ఒక్కోసారి తగ్గి మళ్లీ వస్తుంది. సిస్టు బరువుకి అండాశయం మెలిపడి రక్తం ఆగిపోతే ఇలా అవుతుంది. చేతిలో ఉండేది కొన్ని గంటలే. నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని తెల్లారేదాకా చూద్దామనుకునేలోపే అండాశయం దెబ్బతింటుంది. ఏమీ తినకుండా, తాగకుండా 108కి ఫోన్ చేసి, రాత్రయినా స్కానూ సర్జరీ రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. డాప్లర్‌లో (రక్తం పారుతోందా అని చూసే స్కాన్) రక్తప్రసరణ కనపడినా మెలిక లేదని తేల్చలేం. నెలసరి తప్పి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ట్యూబులో గర్భం నిలిచినా నొప్పి ఇలాగే వస్తుంది.

సర్జరీ అన్నప్పుడు సంతకానికి ముందు సూటిగా అడగండి: తీసేది సిస్టు ఒక్కటేనా, అండాశయం మొత్తమా? ‘ఎలాగూ పిల్లలు పుట్టారు, గర్భసంచి కూడా తీసేద్దాం’ అంటే ఎందుకో కాగితం మీద రాయమనండి, ఇంకో డాక్టరుకు చూపించండి. గర్భసంచి ఆపరేషన్లు మన రాష్ట్రంలో అసలే ఎక్కువ. తీసిన ముక్క బయాప్సీకి వెళ్లిందో లేదో కనుక్కుని, ఆ రిపోర్టు తెచ్చి చూపించండి. కుట్లు మానాయి కదా అని చాలామంది దాని సంగతే మర్చిపోతారు.