చేతి సైగలతో నడిచే తెర – మూడో పాఠం: ఏది సైగ, ఏది కాదు

గత పాఠంలో దూరాన్ని కొలిచే కెమెరా ముందు మనిషిని నిలబెట్టి, భుజం, మోచేయి, మణికట్టు ఎక్కడున్నాయో కంప్యూటర్ గుర్తించేదాకా వచ్చాం. ఇక సైగల జాబితా రాయాలని చేతులు ఉవ్విళ్లూరుతాయి. కాస్త ఆగండి. తెర దేనికి స్పందించకూడదో ముందు తేల్చుకోవాలి.

అభ్యాసానికి చంద్రగిరి కోటలోని రాజమహల్ మ్యూజియాన్ని ఊహించుకుందాం. చేయి కదిపితే తెర మీద కోట నమూనా తిరగాలి. తిరుపతి యాత్రకు వచ్చినవారే ఇక్కడికీ వస్తారు. ఒకరి చంకలో బిడ్డ, ఇంకొకరి చేతిలో సంచి. ఒకరిది తెలుగు, పక్కవారిది తమిళం. కాబట్టి ప్రతి సైగా ఒంటిచేత్తో కుదరాలి, సూచనలు బొమ్మల్లో ఉండాలి.

అసలు చిక్కు నమస్కారంతో వస్తుంది. తెర మీద కోటతో పాటు శ్రీవారి ఆలయ గోపురాన్నీ చూపిస్తే, అది కనబడగానే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. అరచేతులు కలిసినప్పుడు ఒకదాన్ని మరొకటి కప్పేస్తుంది. ఏది కుడో ఏది ఎడమో తేలక కంప్యూటర్ లెక్కలో మణికట్టు బిందువు ఒక్కసారిగా పక్కకు గెంతుతుంది. ఆ గెంతునే అది చేతి విసురు అని పొరబడి బొమ్మను తిప్పేస్తుంది. దండం పెట్టిన మనిషి ఎదుట గోపురం గిర్రున తిరగడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అందుకే ఈ నియమం: రెండు మణికట్లూ ఛాతీ ముందు జానెడు దూరంలోపు చేరితే సైగలన్నీ ఆపేయాలి. చేతులు విడిపోయాక కూడా అర సెకను ఆగాలి.

తిరుగు కదలికదీ ఇదే బాధ. చేతిని కుడి నుంచి ఎడమకు విసిరినవారు దాన్ని మళ్లీ వెనక్కి తెస్తారు కదా! దాన్ని రెండో ఆజ్ఞగా తీసుకుంటే బొమ్మ మొదటికొస్తుంది. ఒక విసురు అందగానే కొద్దిసేపు ఎదురు దిశను పట్టించుకోకండి. చేయి భుజం కన్నా పైకి ఎత్తాల్సిన సైగలు అసలే వద్దు, పెద్దవాళ్లకు నిమిషంలో చేయి లాగేస్తుంది.

గుంపులో ఎవరి మాట వినాలి? ముందుగా చేయి ఎత్తినవారిది. వారు పక్కకు తప్పుకునేదాకా తెర వారిదే.

ఇక వెలుతురు. 2010లో వచ్చిన కైనెక్ట్ (వీడియో ఆటల కోసం మైక్రోసాఫ్ట్ తెచ్చిన కెమెరా) మొదలు ఇలాంటి కెమెరాలు చాలావరకు కంటికి కనబడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతితో దూరం కొలుస్తాయి. ఎండలోనూ ఆ కాంతి దండిగా ఉంటుంది కాబట్టి కెమెరా తికమకపడుతుంది. కమాన్లలోంచి ఎండ పడే చోట సందర్శకుణ్ణి నిలబెట్టకండి. సంరక్షిత కట్టడం గోడకు మేకు కొట్టకూడదు, విడిగా నిలిచే స్టాండే వాడాలి.

ఈ వారం అభ్యాసానికి ప్రోగ్రాం అక్కర్లేదు. కోట ఫొటోలు తెర మీద వేసి, మిత్రుణ్ణి కీబోర్డుతో చాటున కూర్చోబెట్టండి. కొత్తవారిని పిలిచి ‘కోటను తిప్పండి’ అని మాత్రం చెప్పండి. వారి చేయి కదిలినట్టే అతను బొమ్మ మార్చాలి. ప్రతి ఒక్కరి మొదటి కదలికనూ రాసుకోండి: ఏ చేయి, ఎంత ఎత్తు, ఏ వైపు. నాలుగో పాఠంలో వేగం, కోణం లెక్కలు ఆ కాగితం నుంచే కడతాం.