ఆనింగ్ మీద వాన నీరు నిలుస్తోందా? ముందు వాటం చూడండి

వాన మొదలై పది నిమిషాలు కాకముందే ఆనింగ్ (వ్యాన్ పక్కన నీడకు చాపే బట్ట పందిరి) నడుమ బట్ట పొట్ట వేస్తుంది. ముందు దోసెడు నీళ్లు, కాసేపటికి బకెట్టెడు. ఆ బరువుకు బట్ట ఇంకా సాగుతుంది, సాగిన చోటికి ఇంకా నీళ్లు చేరతాయి. ఇక ఆగదు. క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే ఏర్పాటున్న వ్యాన్) ఆనింగ్‌లు పాడయ్యేది ఎండకంటే ఎక్కువగా ఇలాగే అని నా అనుభవం. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది మొదటి మాటే "బట్ట మార్చాలేమో" అంటారు. బట్ట బాగానే ఉంటుంది. వాటం, అంటే నీళ్లు జారిపోయే వాలు, సరిగా ఉండదు.

ఇప్పుడే నీళ్లు నిలిచి ఉంటే

కారణం తర్వాత వెతుకుదాం, ముందు ఆ నీళ్లు దించండి. నీళ్లు ఉండగా ఆనింగ్‌ను ముడవొద్దు. హ్యాండిల్‌తో తిప్పేదైనా, మోటారుదైనా ఇదే మాట. ఆర్మ్‌లు (బట్టను చాచి పట్టే లోహపు చేతులు) వంగేది, మోటారు కాలేది అప్పుడే. పొట్ట కింద నిలబడి కర్ర మొనతో మధ్యలో పొడవొద్దు. బట్ట చిరగకపోయినా ఆ చోట సాగిపోయి, వచ్చే వానకు గుంట అక్కడే పడుతుంది.

మెత్తటి చీపురు తలనో, చదునైన అరచేతినో గుంట అంచు దగ్గర ఆనించి, దిగువ మూల వైపు కొంచెం కొంచెంగా నెట్టండి. మీరు పక్కన నిలబడాలి, కింద కాదు. 4 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉన్న ఆనింగ్ అంటే 10 చదరపు మీటర్లు. దాని మీద 10 మిల్లీమీటర్ల వాన పడి దిగకుండా నిలిస్తే 100 లీటర్లు, అంటే 100 కిలోలు. అంత బరువు ఒక్కసారిగా ఒక పక్కకు జారితే ఆనింగ్ కాలు మడతపడుతుంది, దాని కింద ఉన్న మనిషికి దెబ్బ తగులుతుంది. సగం పైగా నీళ్లు దిగాక మూల కాలును మెల్లగా కిందికి దించండి. మిగతావి వాటంతట అవే పోతాయి.

గాలి కూడా తోడైతే ఈ తంటా ఏదీ వద్దు. నీళ్లు దించి, ఆనింగ్ మూసేయండి.

మూల దించారా? బట్ట బిగుతుగా ఉందా?

ఈ రెండూ చూడకుండా ఇంకేదీ చూడొద్దు. ముందు కడ్డీ, అంటే వ్యాన్‌కు దూరంగా బట్ట అంచున ఉండే కడ్డీ, రెండు చివరలూ ఒకే ఎత్తులో ఉంటే వాన నీరు కడ్డీ దాకా వచ్చి అక్కడే నిలుస్తుంది. ఒక చివర కనీసం జానెడు, అంటే సుమారు 20 సెంటీమీటర్లు, కిందికి ఉండాలి. ఇళ్ల గోడలకు బిగించే ఆనింగ్‌లకు సాధారణంగా 14 డిగ్రీల వాలు, అంటే మీటరుకు 25 సెంటీమీటర్ల దిగుడు ఉండాలంటారు. 2.5 మీటర్ల ఆనింగ్‌కు ఆ లెక్కన 62 సెంటీమీటర్లు దించాలి. వ్యాన్ మీద అంత దించితే ముందు కడ్డీ తలకు తగులుతుంది. అందుకే మనం మొత్తం ముందు వైపును కొంత, ఒక మూలను మరికొంత దించి నెట్టుకొస్తాం. మూల దించడం ఏదో అదనపు జాగ్రత్త అనుకోకండి. వ్యాన్ ఆనింగ్ మీద నీళ్లు పోవడానికి ముఖ్యమైన దారి అదే.

ఇక బిగుతు. హ్యాండిల్ తిప్పి బట్ట పూర్తిగా విప్పాక చాలామంది ఇంకో రెండు చుట్లు తిప్పుతారు. అప్పటికే ఆర్మ్‌లు పూర్తిగా చాచుకుని ఉంటాయి కాబట్టి ఆ రెండు చుట్ల బట్ట వదులై రోలర్ (బట్ట చుట్టుకునే గొట్టం) ముందు వేలాడుతుంది. వెనక్కి తిప్పండి. అరచేత్తో కింది నుంచి తడితే తప్పెట మీద కొట్టినట్టు అనిపించాలి, తడి దుప్పటి మీద కొట్టినట్టు కాదు. ఆనింగ్ 3 మీటర్లు దాటి ఉంటే నడుమ ఒక అడ్డ రాడ్డు పెట్టుకోండి. రోలర్‌కూ ముందు కడ్డీకీ మధ్య బట్టను కింది నుంచి ఎత్తి పట్టే సన్నటి రాడ్డు అది. దాన్ని ఎందుకు బ్యాగులోనే వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూల దించాను, బట్ట బిగుతుగానే ఉంది, అయినా నిలుస్తోంది

అసలు సంగతి ఇక్కడుంది. నా ఆనింగ్ ఆర్మ్ ఒకటి వంగిపోయింది దీనివల్లే.

ఆ సాయంత్రం గడ్డి నేల మీద వ్యాన్ ఆపాను. తలుపు ముందు వైపు ఉంది కాబట్టి నీళ్లు తలుపు దగ్గర పడకూడదని వెనక కాలు జానెడు దించాను. దూరం వెళ్లి చూశాను. కిటికీల గీతతో పోలిస్తే ముందు కడ్డీ చక్కగా వెనక్కి వాలి ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని పడుకున్నాను. తెల్లవారుజామున లోహం మూలిగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే బట్ట నడుమ గంగాళం వేలాడదీసినట్టు ఉంది. వెనక మూల నుంచి, నీళ్లు దిగాల్సిన మూల నుంచి, ఒక్క చుక్క కూడా పడటం లేదు. కడ్డీ చివర ఒక బొట్టు వేలాడుతోంది, అంతే.

తెల్లారాక రసమట్టం తెచ్చి కడ్డీ మీద పెట్టాను. బుడగ దాదాపు మధ్యలోనే నిలబడింది.

నేను చూడనిది నేలను. వ్యాన్ ముక్కు వైపు 2 డిగ్రీలు వాలి ఉంది. 2 డిగ్రీలంటే కంటికి ఆనదు, పడుకుంటే ఒంటికీ తెలియదు. కానీ 4 మీటర్ల ఆనింగ్ పొడవుకు లెక్కేస్తే అది 14 సెంటీమీటర్లు. వ్యాన్ తనంతట తానే ముందు మూలను 14 సెంటీమీటర్లు దించేసింది. నేను వెనక మూలను దించిన జానెడులో చాలావరకు దానికే చెల్లిపోయింది. చివరికి ముందు కడ్డీ నిజమైన మట్టానికి దాదాపు సమంగా తయారైంది. బట్ట మీది నీళ్లు కడ్డీ దాకా వచ్చాయి, అటూ ఇటూ పోలేక అక్కడే నిలిచాయి.

కన్ను ఎందుకు మోసపోతుందంటే, మనం వాలును వ్యాన్‌తో పోల్చి చూస్తాం. కిటికీ గీత, తలుపు చట్రం, పక్కన గీసిన రంగు పట్టీ, అన్నీ వ్యాన్‌తో పాటే వాలి ఉంటాయి. నీళ్లకు వాటితో పని లేదు. నీళ్లకు తెలిసిందల్లా నిజమైన పల్లం.

అందుకని కన్నును పక్కన పెట్టి నీళ్లనే అడగండి. ఆనింగ్ విప్పాక ఒక స్టూలు ఎక్కి, మగ్గుడు నీళ్లు బట్ట నడుమ, ముందు కడ్డీకి మూరెడు ఇవతల పోయండి. ఎటు పోతున్నాయో చూడండి. మీరు దించిన మూల వైపు గబగబా జారి, కడ్డీ చివర నుంచి ధారగా కిందపడితే సరే. పోసిన చోటే పళ్లెమంత మడుగై నిలిచినా, రెండు పక్కలకూ బద్ధకంగా పాకినా, మీ వాటం నేల తినేసిందని అర్థం. దీనికి అర నిమిషం పడుతుంది. ఫోనులోని లెవెల్ యాప్ కడ్డీ మీద పెట్టినా తెలుస్తుంది. మగ్గు నీళ్లయితే బట్ట ఎక్కడ వదులుందో కూడా చూపిస్తాయి కాబట్టి నేను వాటినే నమ్ముతాను.

దీన్ని సరిచేయడానికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే మంచిది, ఆనింగ్ విప్పకముందే చక్రాల కింద దిమ్మలు పెట్టి వ్యాన్‌ను సమం చేసుకోవడం. ఆనింగ్ విప్పి, కాళ్లు సరిచేసుకుని, ఆ తర్వాత లోపల మంచం ఏటవాలుగా ఉందని దిమ్మలెక్కించేవాళ్లను చూస్తుంటాను. చక్రం దిమ్మ ఎక్కిన క్షణంలోనే ఆనింగ్ వాటం మారిపోయిందని వాళ్లకు తట్టదు. పైగా కాళ్లు నేలకు బిగించి ఉంటే బట్ట మెలి తిరుగుతుంది. వ్యాన్‌ను ముందు సమం చేయండి, ఆనింగ్‌ను తర్వాత విప్పండి.

దిమ్మలు లేకపోతే నేల ఎటు వాలి ఉందో ఆ మూలనే దించండి. నేలతో పోట్లాడొద్దు. ముక్కు వైపు పల్లముంటే ముందు మూలే దిగాలి. తలుపు అటే ఉందంటారా? వ్యాన్‌ను తిప్పి నిలపండి, పల్లం వెనక్కి వస్తుంది. వాన పడేటప్పుడు తలుపు దగ్గర కాస్త తడవడం కంటే ఆర్మ్ విరగడం ఖరీదైన పని.

అదీ కుదరకపోతే నేల తినేసిన వాటాన్ని కలిపి దించాలి. పైన చెప్పిన లెక్కలో 14 సెంటీమీటర్లు పోయాయి కాబట్టి, అసలు కావాల్సిన 20కి ఆ 14 కలిపి 34 సెంటీమీటర్లు దించాలి. దూరం నుంచి చూస్తే ఆనింగ్ వంకరగా, అసహ్యంగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి. మగ్గు నీళ్లు పోసి సరిచూసుకోండి.

ఒక సంగతి మర్చిపోకండి. సాయంత్రం సరిగ్గా ఉన్న వాటం అర్ధరాత్రికి అలాగే ఉంటుందని లేదు. వానకు నేల మెత్తబడుతుంది. మీరు ఎత్తుగా ఉంచిన కాలు మట్టిలోకి దిగిందంటే, రెండు మూలల మధ్య తేడా అంత తగ్గినట్టే. బెత్తెడు దిగినా చాలు. రెండు కాళ్ల కిందా అరచేయంత చెక్క ముక్క పెట్టండి. కాలు ఎత్తును పట్టి ఉంచే బిగింపు తడిస్తే జారేవి కూడా ఉన్నాయి. కాలు గొట్టం మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, ఎంత జారిందో పొద్దున్నే తెలిసిపోతుంది.

మూల తనంతట తాను దిగే రకమైతే

కొన్ని ఆనింగ్‌ల ఆర్మ్‌లలో స్ప్రింగో పిస్టనో ఉంటుంది. నీళ్ల బరువు పెరగ్గానే ఒక మూల దానంతట అదే వంగి నీళ్లు ఒలకబోసి, మళ్లీ లేస్తుంది. ఇలాంటివి ఉన్నవాళ్లు కూడా నీళ్లు నిలుస్తున్నాయని వస్తారు. చూస్తే ఆర్మ్ మీది నాబ్‌ను గాలికి ఊగకూడదని గట్టిగా బిగించేసి ఉంటారు. బిగిస్తే అది దిగలేదు. దాని పుస్తకంలో వానకు ఎలా ఉంచమన్నారో అలా ఉంచండి. ఇంకొకటి, అది దిగాలంటే ముందు నీళ్లు చేరాలి. కాబట్టి ఆ ఏర్పాటు ఉన్నా మూల దించే ఉంచడం మేలు.

నీళ్లు నిలవట్లేదు, కానీ కింద చుక్కలు పడుతున్నాయి

ఆ చుక్కలు వ్యాన్ గోడ పక్కన పడుతున్నాయా, బట్ట నడుమ నుంచా చూడండి. గోడ పక్కనైతే బట్ట తప్పు కాదు. వ్యాన్ పైకప్పు నీళ్లు ఆనింగ్ పెట్టెకూ గోడకూ మధ్య సందులోంచి దిగుతున్నాయి. పెట్టె పైన సీలెంటో రబ్బరు పట్టీయో ఎండి విడిపోయి ఉంటుంది. పాతది పూర్తిగా గీకి, ఆరబెట్టి, కొత్తది వేయండి. పాతదాని మీదే పూస్తే నెల తిరక్కుండా మళ్లీ విడుస్తుంది.

బట్ట నడుమ నుంచైతే అది వినైలా, నేసిన ఆక్రిలిక్కా అన్నది చూడాలి. వినైల్ నీటిని అసలు పోనివ్వదు కాబట్టి చుక్క పడుతోందంటే చాలావరకు ఎక్కడో చిల్లి ఉన్నట్టే. పగలు కింద నిలబడి పైకి చూస్తే సూదిమొనంత వెలుతురు కనిపిస్తుంది. ఆక్రిలిక్ నీటిని జార్చేస్తుందే తప్ప, నిలిచిన నీటిని ఆపలేదు. వాటం సరిచేస్తే చాలావరకు ఆగిపోతుంది. కొత్తలో చుక్కలు గుండ్రంగా దొర్లేవి, ఇప్పుడు మరకలా పరుచుకుంటున్నాయి అంటే పై పూత పోయినట్టు. మెత్తటి బ్రష్షుతో, తేలికపాటి సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరాక నీటిని జార్చే స్ప్రే కొట్టండి. తడిసిన ఆక్రిలిక్‌ను కింది నుంచి వేలితో ముట్టుకోకండి, ముట్టిన చోటి నుంచి చుక్క మొదలవ్వొచ్చు.

మిగతా కారణాలు

రోలర్ గొట్టం వంగడం, ఆర్మ్ స్ప్రింగు అలిసిపోవడం, బట్టను రోలర్‌కు వంకరగా ఎక్కించడం. ఇవి అరుదు. మగ్గు నీళ్ల పరీక్షలో వాటం బాగుండి, బట్ట ఒకే చోట ఎప్పుడూ వదులుగా ఉంటేనే వీటి గురించి ఆలోచించండి. స్ప్రింగు ఉన్న ఆర్మ్‌ను మీరు విప్పొద్దు. అందులో ఎప్పుడూ బిగుతు ఉంటుంది, విప్పితే ఎగిరి ముఖానికి తగులుతుంది. తెలిసినవాళ్ల చేత చేయించండి.

తడిగా మూయాల్సి వస్తే

మూయండి, టెన్షన్ పడకండి. జోరు వానలో విప్పి ఉంచడం కంటే తడి బట్ట చుట్టడం ఎన్నో రెట్లు నయం. చుట్టేముందు రోలర్ వైపు అంటిన ఆకులు, పుల్లలు తీసేయండి. అవి లోపలుంటే మరక అక్కడే పడుతుంది. వాన వెలిశాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ విప్పి రెండు వైపులా ఆరనివ్వండి. అంచు కుట్లు, ముందు కడ్డీలోకి బట్ట దూరే గాడి అన్నిటికంటే ఆలస్యంగా ఆరతాయి. బట్ట నడుమ చెయ్యి పెట్టి ఆరిందనుకుని చుట్టేస్తే బూజు ఆ గాడిలోంచే మొదలవుతుంది. ఆ గాడిలో వేలు పెట్టి చూసి, పొడిగా తగిలాకే చుట్టండి.