మందు షెడ్యూల్ మారితే మెడికల్ షాపులో ఏం చేయాలి

మందుల షెడ్యూళ్లను, అంటే ఏ మందును ఏ షరతులతో అమ్మాలో చెప్పే జాబితాలను, మార్చేది కేంద్రం. హైదరాబాద్‌లో షాపులను తనిఖీ చేసేది తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. వాట్సాప్ మెసేజీలు నమ్మకుండా గెజిట్ (ప్రభుత్వ రాజపత్రం) కాపీ తెచ్చుకుని మందు జనరిక్ పేరు, అమలు తేదీ చూడండి. ప్రిస్క్రిప్షన్ చూసి, రిజిస్టర్‌లో రాసి అమ్మాల్సిన మందుల జాబితా అయిన హెచ్1 షెడ్యూల్ గెజిట్ 2013 ఆగస్టులో వస్తే, అమల్లోకి వచ్చింది 2014 మార్చి 1న.

తర్వాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే. బ్రాండ్ పేరుతో వెతికితే కాంబినేషన్లు తప్పిపోతాయి: నొప్పి మందు ట్రామడాల్‌ను ఒట్టిగా ఉన్నచోట మార్చి, పారాసెటమాల్ కలిసిన ట్రామడాల్‌ను వదిలేస్తారు. సాల్ట్ (మందులోని అసలు పదార్థం) పేరుతోనే వెతకండి. అలాగని అన్నిటినీ మార్చేయకండి, గెజిట్‌లో ఉన్న మినహాయింపులు చూసుకోండి.

హెచ్1 రిజిస్టర్‌లో డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం అమ్మేటప్పుడే రాయాలి. మూడేళ్లు భద్రపరచాలి. రాత్రికి బిల్లులు చూసి రాసుకుందాం అనుకుంటే కుదరదు, ప్రిస్క్రిప్షన్ అప్పటికే రోగి వెంట వెళ్లిపోతుంది. ఇంకా కఠిన నియంత్రణ ఉన్న ఎక్స్ షెడ్యూల్ మందులకైతే ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలుండాలి. ఒకటి షాపులో రెండేళ్లు దాచాలి.

ఆందోళన తగ్గించే మందు అల్ప్రాజోలం విషయంలో మరీ జాగ్రత్త. మన రాష్ట్రంలో కల్తీ కల్లులో కలిపి జనం ప్రాణాల మీదికి తెస్తున్న మందుల్లో అదీ ఒకటి. షాపు మూసేముందు స్ట్రిప్పులు లెక్కపెట్టి రిజిస్టర్‌తో సరిచూడండి.