నిమజ్జనం ఊరేగింపుకి పోయే ముందు ఈ ఐదుగురి లెక్క తెలుసుకోండి

చవితి దగ్గరికొచ్చేసింది, చందా బుక్కులు ప్రింటయ్యాయి, డీజేకి అడ్వాన్సు కూడా ఇచ్చేసుంటారు. ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి తమ్ముళ్ళూ. నేను ప్లీడర్ని కాదు, ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని, నిమజ్జనం అయిన మర్నాడు మా ఆఫీసు మెట్ల మీద తల్లులు కూర్చునుంటారు, అందరిదీ ఒకటే మాట, "మావాడు ఏం చేయలేదండీ, ఊరికే నిలబడ్డాడంట". నిజమే అయ్యుండొచ్చు. కానీ ఊరికే నిలబడటం కూడా ఒక్కోసారి కేసే.

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 189 సెక్షన్. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి, ఎవరినైనా కొట్టాలనో, ఆస్తి పగలగొట్టాలనో, పోలీసుల్ని డ్యూటీ చేయనివ్వకూడదనో, బలవంతంగా ఎవరిచేతో ఏదో చేయించాలనో ఒకే ఉద్దేశంతో ఉంటే అది చట్టవిరుద్ధంగా గుమిగూడటం. తెలిసీ అందులో ఉంటే ఆరు నెలల దాకా జైలు. ఊరేగింపు తప్పు కాదు, ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ ఆర్టికల్లోనే ఉంది. అసలు మెలిక ఏంటంటే, మొదట మామూలుగా మొదలైన గుంపు మధ్యలో చట్టవిరుద్ధం అయిపోవచ్చని ఆ సెక్షన్లోనే రాసుంది. సెంటర్లో రెండు మండపాల ట్రాక్టర్లు ఎదురుపడతాయి, ముందు మా బండే పోవాలంటారు, ఒకడు జెండా కర్ర పీకుతాడు, అప్పటిదాకా డాన్సులేసిన గుంపే ఆ నిమిషం నుంచి వేరే గుంపు.

దాని తర్వాతది 190, మా ఆఫీసులో ఇంకా పాత అలవాటుకొద్దీ 149 అనే అంటాం. గుంపు ఉద్దేశం కోసం ఒకడు తల పగలగొడితే ఆ గుంపులో ఉన్నవాళ్ళందరికీ అదే నేరం. నువ్వు చెయ్యి ఎత్తావా లేదా అన్నది ముఖ్యం కాదని 1964లోనే మసాల్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఊరికే చూడటానికొచ్చినవాడు వేరే అని కూడా అదే తీర్పులో చెప్పింది. కానీ నువ్వు చూడటానికే వచ్చావని తేలేది కోర్టులో, ఎన్ని వాయిదాల తర్వాతో. ఒట్టి 189 అయితే బెయిలబుల్, ఏదోలా బయటికొస్తారు. దానికి హత్యాయత్నం, అంటే పాత 307, ఇప్పటి 109 కలిస్తే మాత్రం పండగ అయిపోయినా మనవాడు ఇంటికి రాడు.

కాబట్టి గొడవ వాసన రాగానే పక్కకి రండి. పక్కకంటే గుంపు అంచుకి కాదు, వేరే వీధిలోకి. ఫోన్ తీసి వీడియో తీస్తూ ఉండిపోవద్దు, ఇక స్టేటస్ పెట్టావంటే నువ్వు ఏ టైముకి ఎక్కడున్నావో పోలీసులకి నువ్వే చెప్పినట్టు. మైకులో "అందరూ వెళ్ళిపోండి" అని వినపడిందా, ఇక ఒక్క క్షణం కూడా ఆగొద్దు. ఆ మాట చెప్పడానికి మేజిస్ట్రేటే రానక్కర్లేదు, స్టేషన్ ఇంచార్జి ఆఫీసర్ చెప్పినా చాలు. చట్టవిరుద్ధమైన గుంపని తేలి, వెళ్ళిపొమ్మన్నాక కూడా తెలిసి ఉండిపోతే శిక్ష రెండేళ్ళ దాకా పోతుంది. కర్రలు, తల్వార్లు బండిలో అసలు పెట్టొద్దు, షో కోసమే అన్నా సరే, చావు వచ్చేంత దెబ్బ తగిలే వస్తువు ఏదైనా మారణాయుధమే, చట్టవిరుద్ధమైన గుంపులో అది చేతిలో ఉంటే దానికి కూడా రెండేళ్ళ దాకా.

144 పెట్టారని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వస్తే నమ్మి ఊరుకోకండి, నమ్మక కూడా ఊరుకోకండి. ఇప్పుడది బీఎన్ఎస్ఎస్, అంటే పాత సీఆర్పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 సెక్షన్. ఏ ఏరియా, ఏ తేదీలు, ఎంతమంది, అన్నీ ఆర్డర్లోనే ఉంటాయి, స్టేషన్లో అడిగి కాపీ చదవండి. పర్మిషన్ కాగితంలో రాసిన రూటు, టైము కూడా అంతే, కమిటీ ప్రెసిడెంటు బీరువాలో దాచకుండా ట్రాక్టర్ డ్రైవర్ చేతికి ఒక జిరాక్స్ ఇవ్వాలి.

ఒకవేళ తీసుకెళ్ళారే అనుకోండి. ఎందుకు అరెస్ట్ చేస్తున్నారో చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజేయాలి, ప్రయాణం టైము తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ప్లీడర్ని కలవాలని అడిగే హక్కు మీకుంది. తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. అరెస్ట్ చేయకుండా అదే బీఎన్ఎస్ఎస్ 35 సెక్షన్ కింద నోటీసిస్తే ఆ తేదీకి తప్పకుండా వెళ్ళండి, వెళ్ళకపోతే అదే సాకుతో అరెస్ట్ చేయొచ్చు. ఉద్యోగాల అప్లికేషన్లలో కేసులున్నాయా అని అడిగే కాలమ్ గుర్తుందిగా.

ఇంకొకటి, ఇది చట్టం కాదు నా సలహా. సెంటర్లో ఎవరి బండి ముందు అన్నది ఆ రాత్రి తాగిన నోళ్ళతో తేల్చుకోకుండా వారం ముందే రెండు కమిటీలూ కూర్చోండి. మాకు తెలిసిన ఒక ఊళ్ళో అయితే చీటీలు వేసుకుంటారు, ఆ చీటీ తీసేది పూజారి గారి మనవరాలు.